అంజనాద్రిలో యంత్రకవచం

మదనపల్లె ప్రాంతంలో గుర్రంకొండ అనే ఊరు ఉన్నది. ఊరి పక్కనే సుమారు 500 అడుగుల ఎత్తున, చాలమట్టుకు నిలువుగా లేచిన రాతికొండ. దానిమీద కోట, దిగువను రంగినీ మహలు. పాలెగాండ్ర కాలంలోను, పిమ్మట మైసూరు పాలకుల కాలంలోను ఆ కోట పలు చేతులు మారింది. దానిని గూర్చి ఒక కథ చెబుతారు. కోటలో ఒక గుర్రం ఉండేదట. అది కోటలో ఉన్నంతకాలం శత్రువెవ్వడూ కోటను పట్టలేడట. చివరకు ఒక మరాఠా నాయకుడు ఆ నిలువురాతిని ఎగబ్రాకి గుర్రాన్ని తోలుకొనిపోయాడట. కొండ దిగేలోగా అతడు పట్టుబడినాడు గాని, మహిమ మాత్రం అప్పటికే చెడిపోయినది. తరువాతి దాడిలోనే కోట కూలింది. (నిలువురాతి మీదుగా గుర్రాన్ని ఎట్లు దించాడో కథ చెప్పదు. చెప్పి ఉంటే భౌతికశాస్త్రం ఉపాధ్యాయునికి ఒక మంచి లెక్క దొరికేది.)

బలమంతా ఒక వస్తువులో దాగి ఉండడం, ఆ వస్తువును ఎవడో కాజేయడం మన జానపద కథలకు పాత ఇతివృత్తమే. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ చలనచిత్రంలో ఆ వస్తువు కోరినదిచ్చే ప్రతిమ. 2024 జనవరి 12న విడుదలైన ‘హనుమాన్’ చిత్రంలో అది రుధిరమణి. ఐతే ఈ కొత్త చిత్రానికి దర్శకుడైన ప్రశాంత్ వర్మ పాత కథకు మరియొక వస్తువును జోడించాడు. మణిని కాజేయ వచ్చే ప్రతినాయకుడు యంత్రకవచం తొడుక్కొని వస్తాడు. ఖడ్గాలు, కుస్తీలు, పాలెగాండ్రు గల ఊరిలోకి ప్రయోగశాలలో తయారైన సూటు దిగుతుంది. విజ్ఞానశాస్త్రం చదివే వారికి ఈ చిత్రంలో అన్నిటికంటె ఆసక్తికరమైన ఘట్టం ఇదే. చిత్రం తేలికగా దాటవేసినది కూడా దీనినే.

కథ చాలమందికి తెలిసినదే. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో హనుమంతు చిల్లర దొంగతనాలు చేస్తూ తిరిగే యువకుడు. తేజ సజ్జా ఆ పాత్ర ధరించాడు. ఊరిపై గజపతి అనే పాలెగాని పెత్తనం. బందిపోట్ల బెడద నుండి కాపాడుతానని పన్ను వసూలు చేస్తాడు, ఎదిరించిన వాణ్ణి కుస్తీకి పిలిచి చంపుతాడు. నీటిలో మునిగిన హనుమంతుకు ముత్యపు చిప్పలో మణి దొరుకుతుంది, దానితో అపారమైన బలమూ వస్తుంది. ఇంకొక వైపు మైఖేల్. అసాధారణ శక్తులు గల వీరుడు కావాలన్న పిచ్చి అతనికి చిన్ననాటి నుండి ఉన్నది. అట్టి వీరులకు తల్లిదండ్రులు ఉండరని నమ్మి, కన్నవారినే పొట్టనబెట్టుకొన్నవాడు. అతనికి కవచాలు చేసిపెట్టేవాడు సిరి అనే శాస్త్రజ్ఞుడు. ఎన్ని యంత్రాలు తొడిగినా మైఖేల్‌కు తృప్తి లేదు. సహజంగానే బలం రావాలంటాడు. మణి సంగతి తెలిసి అంజనాద్రికి వస్తాడు.

ఇందులో మణిని గూర్చి మొదట ఒక మెప్పు చెప్పవలసి ఉన్నది. దర్శకుడు దానికి ఒక నియమం పెట్టాడు. సూర్యకాంతి ఉన్నంతసేపే మణి పనిచేస్తుంది, ప్రొద్దు గ్రుంకితే హనుమంతు మామూలు మనిషి. ఈ ఒక్క నియమంతో కథకు ప్రాణం వచ్చింది. ఎప్పుడు గెలుస్తాడో, ఎప్పుడు ఓడుతాడో ప్రేక్షకుడు తానే ఊహించుకోగలడు, చీకటి పడుతుంటే భయపడగలడు. అద్భుతకథ ప్రకృతి నియమాలను అతిక్రమించవచ్చు, అది దాని హక్కు. తాను పెట్టుకొన్న నియమాన్ని మాత్రం తాను పాటించాలి. మణి పాటించింది.

ఆ నియమం లెక్కకు నిలుస్తుందా అంటే నిలవదు, అదీ చూడవచ్చు. నడిమధ్యాహ్నపు ఎండలో ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. మణి ముఖం 4 చదరపు సెంటీమీటర్లు అనుకొంటే దానిపై పడేది 0.4 వాట్లు. 60 కిలోల హనుమంతు గుర్రంకొండ వంటి కొండను, అనగా సుమారు 150 మీటర్ల ఎత్తును, ఎక్కడానికి కావలసిన శక్తి 60 × 9.8 × 150, అనగా 88,200 జౌళ్లు. మణిపై పడిన కాంతినంతా పోగు చేసినా దానికి 61 గంటలు పడుతుంది. రోజంతా నడిమధ్యాహ్నపు ఎండే కాస్తుందనుకొని రోజుకు 10 గంటల చొప్పున చూసినా ఆరు రోజులు. అదే కొండను గుర్రంకొండ బాలుడు రాగి సంకటి తిని అరగంటలో ఎక్కుతాడు. మనిషి కండరాలు తిన్న ఆహారపు శక్తిలో సుమారు నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు. ఆ నష్టాన్ని కలుపుకొన్నా, 60 కిలోల మనిషి ఆ ఎత్తు ఎక్కడానికి చాలేది 84 కిలోకేలరీలు. రాగిపిండి 25 గ్రాములకు కాస్త పైన. మణికంటె సంకటి ముద్ద ఎన్నో రెట్లు మేలు!

దైవమహిమతో వచ్చిన మణికి ఈ లెక్క అడగడం న్యాయం కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవచ్చు. ప్రయోగశాలలో పుట్టిన కవచాన్ని మాత్రం అడగక తప్పదు. అది తనను తాను విజ్ఞానమని చెప్పుకొంటున్నది గదా. విచిత్రమేమంటే, మహిమకు నియమమున్నది గాని, విజ్ఞానానికి లేదు. కవచం బరువెంత, శక్తి ఎక్కడి నుండి వస్తున్నది, ఎంతసేపు నిలుస్తుంది, ఎప్పుడు బలహీనపడుతుంది అనేవి ప్రేక్షకుని మనసుకు పట్టేటట్లు చిత్రం చెప్పలేదు. అందుచేత మైఖేల్ కవచంలో ఉన్నప్పుడు ఆశ్చర్యం కలుగుతుందే గాని, ఉత్కంఠ కలుగదు.

నిజంగా అట్టి కవచం ఒకటి చేస్తే ఏమవుతుందో చూద్దాం. 70 కిలోల మనిషికి 30 కిలోల కవచం తొడిగితే మొత్తం 100 కిలోలు. ఇట్టి చిత్రాలలో వీరుడు కొండ దిగువ నుండి ఒక్క గెంతులో శిఖరానికి చేరడం పరిపాటి. గుర్రంకొండనే తీసుకొందాం. 150 మీటర్ల ఎత్తుకు గెంతాలంటే కావలసిన శక్తి 1,47,000 జౌళ్లు. వినడానికి పెద్ద అంకెగా ఉన్నది గాని నిజానికి చాలా చిన్నది. చేతిసంచిలో పెట్టుకొనే ల్యాప్‌టాప్ కంప్యూటరు బ్యాటరీలో దాదాపు ఇంత శక్తి ఉంటుంది. కాబట్టి శక్తి చాలదని కవచాన్ని తోసిపుచ్చడం పొరపాటు. విద్యార్థులు తరచుగా ఇక్కడే తడబడతారు. చిక్కు శక్తితో కాదు, సమయంతో.

గెంతేవాడు మోకాళ్లు వంచి, సాగదీస్తూ నేలను నెడతాడు. ఆ నెట్టుడు జరిగే దూరం అర మీటరు. 150 మీటర్లు పైకి పోవాలంటే పాదాలు నేలను విడిచేసరికి వేగం సెకనుకు 54 మీటర్లు, అనగా గంటకు 195 కిలోమీటర్లు ఉండాలి. అర మీటరులో ఆ వేగం అందుకోవడానికి దొరికే సమయం సెకనులో 54వ భాగం మాత్రమే. ల్యాప్‌టాప్ గంటల తరబడి మెల్లగా వాడుకొనే శక్తిని అంత స్వల్పకాలంలో కుమ్మరించాలి. అప్పుడు కావలసిన సామర్థ్యం దాదాపు 8,000 కిలోవాట్లు, పదివేల అశ్వశక్తికి పైమాట. 2,600 అశ్వశక్తి గల పాత డీజిలు రైలు ఇంజన్లు నాలుగింటిని రెండు పిక్కలలో ఇమిడ్చినట్లు.

దీనికి ప్రకృతిలో ఒక ఉపాయం లేకపోలేదు. అది ఈ చిత్రంలోనే, కథానాయకుని చేతిలోనే ఉన్నది. హనుమంతు ఉండేలు పట్టి తిరుగుతాడు. ఉండేలు రబ్బరును చేయి మెల్లగా, సెకను పాటు లాగుతుంది, అది వదిలినప్పుడు ఆ శక్తినే రెప్పపాటులో రాయికి ఇస్తుంది. శక్తి పెరగలేదు, ఇచ్చే కాలం తగ్గింది, అంతే. చేతితో విసిరిన రాయికంటె ఉండేలు రాయి వడిగా పోవడానికి కారణమిదే. మిడతలు, గోమార్లు గెంతేది కూడా ఇట్లే. కండరం మెల్లగా వంచిన సాగుడు పదార్థం ఒక్కసారిగా విడిపోతుంది. చిత్రంలోని నిజమైన యంత్రశాస్త్రం కోట్ల ఖరీదు చేసే కవచంలో కంటె, పల్లెకుర్రవాని ఉండేలులో ఎక్కువగా ఉన్నది. దర్శకుడు దీనిని గమనించి చేశాడో లేదో గాని, ఉపాధ్యాయులు గమనించదగినది.

సరే, పిక్కలలో ఉండేలు వంటి ఏర్పాటే చేశామనుకొందాం. అప్పుడు అసలు ప్రమాదం ఎదురవుతుంది. అర మీటరు నెట్టుడుతో 150 మీటర్లు పోవాలంటే లోపలి మనిషి శరీరంపై పడే బలం అతని బరువుకు 300 రెట్లు. మనిషి ఎంత తట్టుకోగలడో ఊహతో చెప్పనక్కరలేదు. అమెరికా వైమానికదళ వైద్యుడు జాన్ స్టాప్ 1954 డిసెంబరు 10న రాకెట్లు బిగించిన బండిపై కూర్చొని, గంటకు వెయ్యి కిలోమీటర్లు మించిన వేగం నుండి సెకనున్నర లోపలనే ఆగినాడు. అప్పుడతనిపై పడినది అత్యధికంగా బరువుకు 46 రెట్లు. కన్నుల రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయినది. ఆ సాహసి బ్రతికి బయటపడినది 46 వద్ద. కవచధారి ముందున్నది 300. పైగా శిఖరం నుండి దిగువకు దూకితే అదే మోత మళ్లీ తినాలి.

కవచం గట్టిదైతే చాలు, లోపలి మనిషి క్షేమంగా ఉంటాడనుకోవడం చిత్రాలు నేర్పిన పెద్ద భ్రమ. మదనపల్లె సంతకు టమాటాలు పంపే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. పండిన టమాటా ఒకటి స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి మిద్దె మీది నుండి జారవిడిస్తే డబ్బాకు సొట్ట పడకపోవచ్చు, మూత తీస్తే మాత్రం ఉండేది పచ్చడి. డబ్బా నేలను తాకి ఆగిపోయినా, లోపలి టమాటా తన వేగంతో పోతూనే ఉండి డబ్బా అడుగును గుద్దుకొంటుంది. పుర్రెలో మెదడు సంగతీ ఇంతే. దెబ్బ నుండి కాపాడేది గట్టితనం కాదు, ఆగడానికి పట్టే కాలాన్ని పొడిగించే మెత్తదనం. మోటారుసైకిలు హెల్మెట్టులో ప్రాణాలు కాపాడేది పైచిప్ప ఒక్కటే కాదు, దెబ్బకు నలిగిపోయే లోపలి మెత్త. కవచధారి వెనక్కు ఎగిరి బండరాతికి కొట్టుకొని, దుమ్ము దులుపుకొని లేచే దృశ్యాలను చూసి చప్పట్లు కొట్టే విద్యార్థి, హెల్మెట్టు పట్టీ బిగించుకోకుండా బండి ఎక్కవచ్చు. ఈ భ్రమ వలన నష్టం సినిమాహాలులోనే ఆగదు.

కుస్తీ దగ్గరికి వద్దాం. గజపతి పందేలతో ఈ చిత్రపు లోకమంతా గోదా చుట్టూ తిరుగుతుంది. కుస్తీ తెలిసినవాడు బలానికంటె ముందు నిలకడను నేర్చుకొంటాడు, కాళ్లు ఎడంగా వేసి, నడుము వంచి, మన్నును పట్టుకొంటాడు. న్యూటను మూడవ సూత్రం పుస్తకంలో చదువక పోయినా అతని పాదాలకు అది తెలుసు. ఎదుటివాణ్ణి ఎంతగా నెడితే తాను అంతగా వెనక్కు నెట్టబడతాడు, ఆ ప్రతిచర్యను నేలకు అప్పగించాలి.

60 కిలోల హనుమంతు 100 కిలోల మల్లుణ్ణి సెకనుకు 12 మీటర్ల వేగంతో విసిరాడనుకొందాం. మల్లునికి వచ్చిన ద్రవ్యవేగం 1,200 కిలోగ్రాము మీటర్లు ప్రతి సెకనుకు. నేల పట్టు లేకపోతే హనుమంతు సెకనుకు 20 మీటర్ల వేగంతో, అనగా గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, వెనక్కు పోవాలి. నేల ఎంత పట్టి ఉంచగలదు? ఘర్షణ మనిషి బరువుకు సమానమని ఉదారంగా ఒప్పుకొన్నా 600 న్యూటన్లు. విసురు 0.2 సెకను సాగితే నేల పుచ్చుకొనేది 120 మాత్రమే, పదవ వంతు. మిగతా తొమ్మిది వంతులు హనుమంతును గోదా దాటిస్తాయి. బలం ఎంత ఉన్నా బరువు లేనివాడు తన దెబ్బకు తానే ఎగిరిపోతాడు. ఇట్టి చిత్రాలలో ఎగిరేది ఎప్పుడూ ఎదుటివాడే!

ఇప్పుడు కవచాన్ని ఆ స్థానంలో పెట్టి చూడండి. 60 కిలోల మనిషికి 140 కిలోల కవచం, మొత్తం 200. నేల పట్టు 2,000 న్యూటన్లకు పెరుగుతుంది. 0.2 సెకనులో 400 పోయి, మిగిలిన 800ను 200 కిలోలు పంచుకొంటే వెనుకడుగు వేగం సెకనుకు 4 మీటర్లు. నాలుగడుగులు తూలి నిలద్రొక్కుకోవచ్చు. గోదాలో యంత్రకవచానికి ఉన్న అసలైన లాభం దాని బరువు. బరువున్నది గనుక నిలుస్తుంది, బరువున్నది గనుకనే మెత్తని నేలలో దిగబడుతుంది, మలుపు తిరగలేదు. తేలికగా గాలిలో తేలే మణిధారికీ, నేలకు అతుక్కొని కదలలేని కవచధారికీ మధ్య పోరు ఎంత రసవత్తరంగా ఉండేది! కుస్తీ ఎరిగిన అంజనాద్రి పెద్ద ఒకడు, వాణ్ణి తడిమడిలోకి దింపు నాయనా అని సలహా చెబితే చాలు, ఊరి తెలివి యంత్రాన్ని గెలిచేది. ఆ అవకాశం చేజారినది.

వేడిని గూర్చి ఒక్కమాట. కవచంలోని మోటార్లు 5 కిలోవాట్ల విద్యుత్తు వాడుతూ అందులో ఐదవ వంతును వేడిగా వదిలితే, అది 1,000 వాట్లు. ఒంటికి బిగించిన సూటులో ఇస్త్రీపెట్టె ఒకటి ఎడతెగక కాలుతున్నట్లు. రాయలసీమ ఎండలో ఆ కవచం తొడిగినవాడు ముందుగా అడిగేది మణిని కాదు, మజ్జిగ.

ఈ చిక్కులన్నీ ఊహామాత్రం కావు. మనిషి ఒంటికి యంత్రం తొడిగే ప్రయత్నం పాతదే. 1890లోనే రష్యా దేశస్థుడు నికొలాస్ యాగ్న్ నడకకు, పరుగుకు, గెంతుకు తోడ్పడే స్ప్రింగుల సాధనానికి అమెరికాలో పేటెంటు పొందాడు. 1965లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ హార్డిమాన్ అనే పెద్ద కవచాన్ని తలపెట్టింది. దాని బరువే 680 కిలోలు. అంతే బరువును ఎత్తాలని ఆశించారు. చివరకు చక్కగా పనిచేసినది ఒక్క చేయి, అది ఎత్తగలిగినది 340 కిలోలు. మొత్తం యంత్రానికి శక్తినిస్తే అది అదుపు తప్పి విపరీతంగా కదిలేది. అందువలన మనిషిని లోపల ఉంచి దానిని పూర్తిగా నడపనే లేదు. మనిషి కదలికను గుర్తించి, దానికి తగినంత బలాన్ని, తగిన క్షణంలో ఇవ్వడమే అసలు కష్టం. ఒక్క క్షణం ఆలస్యమైతే తోడుపడవలసిన యంత్రం ఎముకను విరుస్తుంది. హైదరాబాదులో స్వయా రోబోటిక్స్ అనే సంస్థ రక్షణ పరిశోధనశాలల సహకారంతో ఇట్టి కవచాన్ని తయారుచేసి 2023లో చూపింది. సైనికుడు బరువు మోస్తూ అలసట లేకుండా నడవడానికి అది ఉద్దేశించినది. ఒక్క గెంతులో కొండ ఎక్కించే మాట అందులో లేదు.

అదే హైదరాబాదులో అంతకుముందు జరిగిన పని ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. అగ్ని క్షిపణిని 1989 మే 22న మొదటిసారి ప్రయోగించారు. దానికోసం అక్కడి రక్షణ పరిశోధనశాలలో తేలికైన, గట్టి మిశ్రమపదార్థాలను రూపొందించారు. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, ఎంత తేలికగా ఉన్నదో చూసి ఆశ్చర్యపడ్డాడు. ఆ పరిశోధనశాలకు నాయకుడైన ఎ. పి. జె. అబ్దుల్ కలాంను తన ఆసుపత్రికి తీసుకొనిపోయి, పోలియో సోకిన పిల్లలను చూపించాడు. వారు మూడు కిలోల బరువు గల లోహపు క్యాలిపర్లు కట్టుకొని కాళ్లు ఈడ్చుకొంటూ నడుస్తున్నారు. క్షిపణి పదార్థంతో చేసిన కొత్త క్యాలిపర్లు 300 గ్రాములే తూగినవి. ఆ పిల్లలు తిరగసాగారు, తల్లిదండ్రులు కంటతడి పెట్టారు. ఈ ముచ్చటను కలాం తన ఉపన్యాసాలలో తరచు చెప్పేవాడు. అందులో మోటారు లేదు, బ్యాటరీ లేదు. శరీరానికి బలాన్ని చేర్చలేదు, మోయవలసిన బరువును పదవ వంతుకు తగ్గించింది. తెలుగుగడ్డ మీద పుట్టిన యంత్రకవచాలలో దీనికంటె గొప్పది ఇంకా రాలేదంటే అతిశయోక్తి కాదు.

ఈ దృష్టితో చూస్తే ‘హనుమాన్’ చిత్రంలో మనసుకు వెలితిగా తోచేది సిరి పాత్ర. వెన్నెల కిశోర్ ఆ పాత్రను నవ్వు పుట్టించే తీరున నటించాడు, నవ్వూ వస్తుంది. కవచాన్ని చేసిన చేతులు అతనివి. ఐనా యజమాని కోపానికి జడిసే కొలువుగాడుగానే మిగిలాడు. కవచం ఎట్లు కుదిరిందో, ఎన్నిసార్లు చెడిందో చూపడానికి చిత్రం ఇచ్చిన చోటు చాలా తక్కువ. ‘పాతాళ భైరవి’లో విద్య అంతా నేపాళ మాంత్రికునిది, ధైర్యమంతా తోటరామునిది. డెబ్బదిమూడేండ్ల తరువాత మాంత్రికుని పీటపై శాస్త్రజ్ఞుని కూర్చోబెట్టారు. కష్టపడి నేర్చిన విద్య దుర్మార్గునికి, అయాచితంగా దొరికిన బలం మంచివానికి. ఈ పంపకం బడిపిల్లల మనసులో ఏమి నాటుతుందో తీసేవారు ఆలోచించవలసింది. తెలుగు చిత్రాలకు ఇది తప్పని దారి కూడా కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’లో కాలయంత్రం చేసిన ప్రొఫెసరు మంచివాడే, పిల్లలకు ఆప్తుడే. యంత్రం అసాధ్యమైనదైనా దాన్ని చేసినవాని మీద గౌరవం కలుగుతుంది.

ఒక విషయంలో మాత్రం చిత్రకర్తల ఊహ లోతైనది. మైఖేల్ కవచంతో తృప్తిపడడు. తొడుక్కొన్న బలం విప్పితే పోతుందని అతనికి తెలుసు. హనుమంతు బలమూ ప్రొద్దు గ్రుంకితే పోయేదే. ఇద్దరిదీ అరువు బలమే. ఒకరు దానిని తమదనుకొంటున్నారు, ఇంకొకరు కాదని తెలుసుకొంటున్నారు. ఈ పోలికను ఇంకొంచెం సాగదీసి ఉంటే రెండు అద్భుతాల మధ్య పోరుగా కాక, ఇద్దరు మనుష్యుల మధ్య పోరుగా కథ ముగిసేది. గుర్రంకొండ కథలో సైతం గుర్రం పోగానే కోటలోని వారి గుండె జారినది. రాళ్లు, గోడలు, ఫిరంగులు యథాస్థానంలోనే ఉన్నవి గదా.

‘జై హనుమాన్’ అనే తరువాయి భాగాన్ని చిత్రం చివరనే ప్రకటించారు. అందులో మళ్లీ యంత్రకవచం కనబడితే దానికి బరువూ, వేడీ, అయిపోయే బ్యాటరీ పెట్టడానికి అదనంగా ఖర్చేమీ కాదు. ఈలోగా గుర్రంకొండ చుట్టుపట్ల ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు తేలికైన ప్రయోగం ఒకటి ఉన్నది. విద్యార్థుల బరువు తూచి, గడియారం చూసుకొని కొండ ఎక్కించడం. బరువును 9.8తోను, మీటర్లలో ఎక్కిన ఎత్తుతోను హెచ్చవేసి, పట్టిన సెకనులతో భాగిస్తే ఒక్కొక్కరి సామర్థ్యం వాట్లలో వస్తుంది. 45 కిలోల బాలిక 150 మీటర్లు 25 నిమిషాలలో ఎక్కితే 44 వాట్లు. ఆ అంకె పక్కనే నల్లబల్లపై కవచధారి గెంతుకు వచ్చిన 80,00,000 వాట్లు వ్రాయవచ్చు. ఆ అమ్మాయి 25 నిమిషాలూ ఆగకుండా ఎక్కిందా, మధ్యలో కూర్చున్నదా అనేది కూడా వ్రాసుకోవాలి.